మీ లాయర్ నిజంగా లాయరేనా? నకిలీ వకీళ్లని ముందే పట్టుకునే పద్ధతి, మోసపోతే చెయ్యాల్సిన పనులు

"లాయర్‌ని ఐడీ కార్డు అడిగితే బాగుంటుందా, ఏమనుకుంటారో", "నంబర్ ఇచ్చాడు, అది కరెక్టో కాదో ఎక్కడ చూడాలి", "రెండేళ్ల నుంచి వాయిదా పడింది అంటున్నాడు, అసలు కేసు వేశాడా లేదా". ఈ మూడు ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొత్తం ఒకే చోట రాసేస్తున్నా. కొంచెం పొడుగుంటుంది, మీకు కావాల్సిన భాగం దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, కానీ 3, 4, 6 మాత్రం వదలొద్దు.

ముందే ఒక్కమాట. చాలామంది ఎన్‌రోల్‌మెంట్ నంబర్ (లాయర్‌గా నమోదైనప్పుడు బార్ కౌన్సిల్ ఇచ్చే నంబర్) ఉందా లేదా అని చూసి ఆగిపోతారు. నంబర్ నిజమైనదే అయ్యుండొచ్చు, కానీ అది మీ ఎదురుగా కూర్చున్న మనిషిదేనా? అసలు చెక్ చెయ్యాల్సింది అది.

## 1. ఎన్ని రకాల నకిలీలు ఉంటారు

అడ్వకేట్స్ యాక్ట్ 1961 ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో (లాయర్ల అధికారిక జాబితాలో) పేరున్నవాళ్లకే వృత్తి చేసే హక్కు. ఎల్‌ఎల్‌బీ పట్టా ఒక్కటే ఉంటే చాలదు, ఎన్‌రోల్ అవ్వాలి. ఇప్పుడు ఎన్‌రోల్ అయ్యేవాళ్లయితే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కూడా పాసవ్వాలి, దానికి రెండేళ్లు టైమ్ ఇస్తారు.

మోసం చేసేవాళ్లు ఎక్కువగా ఈ నాలుగు రకాల్లో ఒకరు:

- లా చదవనివాడు, లేదా చదివి ఎన్‌రోల్ అవ్వనివాడు. కోర్టు గేటు దగ్గరా, తహసీల్దార్ ఆఫీసు దగ్గరా, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరా తిరుగుతూ "నేను అడ్వకేట్‌నే" అంటాడు.
- వేరే లాయర్ నంబర్ వాడుకునేవాడు. అసలు ఐడెంటిటీ దొంగతనం అంటే ఇదే.
- నకిలీ డిగ్రీ పెట్టి నిజంగానే ఎన్‌రోల్ అయినవాడు.
- ఫోన్‌లో తప్ప ఎక్కడా కనపడనివాడు. వాట్సాప్‌లో నోటీసు పంపుతాడు, వీడియో కాల్‌లో కోర్టు కూడా పెడతాడు.

రెండో రకం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి కేరళలో అలప్పుళ కేసు చాలు. 2021లో బయటపడింది, ఒకావిడ లా పూర్తి చెయ్యకుండానే తిరువనంతపురం లాయర్ ఒకరి ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తనదని చూపించి రెండేళ్లకి పైగా అలప్పుళలో ప్రాక్టీస్ చేసింది, బార్ అసోసియేషన్ ఎలక్షన్‌లో నిలబడి లైబ్రేరియన్‌గా గెలిచింది కూడా. రోజూ పక్క కుర్చీలో కూర్చునే లాయర్లకే తెలీలేదు, చివరికి ఆ నంబర్ ఎవరిదో సరిచూడమని సంతకం లేని ఉత్తరం ఒకటి వస్తే గానీ బయటికి రాలేదు. కాబట్టి "అందరూ ఆయన్ని లాయర్ గారు అనే పిలుస్తున్నారు" అన్నది సాక్ష్యం కాదు.

మూడో రకాన్ని మీరు పట్టుకోలేరు, ఎందుకంటే రోల్‌లో పేరు ఉంటుంది, ఫొటో సరిపోతుంది. 2015లో ఢిల్లీ న్యాయశాఖ మంత్రే నకిలీ లా డిగ్రీ ఆరోపణ మీద అరెస్టయ్యారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లాయర్ల సర్టిఫికెట్ల వెరిఫికేషన్ మీద రిటైర్డ్ జడ్జి ఆధ్వర్యంలో కమిటీ వేసి, డిగ్రీలు సరిచూసి ఇవ్వడానికి యూనివర్సిటీలు డబ్బులు అడగొద్దని చెప్పింది. అది బార్ కౌన్సిళ్ల పని, దాన్ని మీ నెత్తికెత్తుకోవద్దు.

అలాగని నల్లకోటు లేని ప్రతి ఒక్కరూ దొంగ అనుకోకండి. వీళ్లు నకిలీలు కాదు:

- ఆఫీసులో పనిచేసే గుమస్తా (ఫైలింగ్ చేస్తాడు, వాయిదా చెప్తాడు, వాదించడు)
- సీనియర్ బదులు వాయిదాకి వచ్చే జూనియర్
- తన కేసు తనే వాదించుకునే పార్టీ
- కన్స్యూమర్ కమిషన్‌లో అధికారం ఇచ్చిన ఏజెంట్, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల ముందు హాజరయ్యే సీఏ

గుమస్తా గుమస్తాగా ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. ఆయనే "నేనే చూసుకుంటా, సార్ దాకా ఎందుకు" అని సొంతంగా ఫీజు మాట్లాడుతుంటే మాత్రం జాగ్రత్త పడాలి.

## 2. కలిసే ముందు రెడీ చేసుకోండి

- ఒక నోట్‌బుక్, ఈ కేసుకి మాత్రమే
- ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ (కోర్టు కేసుల వివరాలు చూపించే అధికారిక యాప్, ఫ్రీయే)
- మీ కాగితాలకి జిరాక్స్ సెట్. ఒరిజినల్ డాక్యుమెంట్లు మొదటి రోజు ఇవ్వొద్దు
- ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒకరు తోడు

అడగాల్సినవి: రోల్‌లో ఉన్నట్టు పూర్తి పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, ఏ బార్ అసోసియేషన్ మెంబరో, ఆఫీసు అడ్రస్, ఫోన్.

అడగడానికి మొహమాటం అంటారు కదా, ఇలా అడగండి: "సార్, వకాలత్‌లో ఎలాగూ మీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ రాస్తారు కదండీ, మా అబ్బాయి అన్నీ రాసి పెట్టుకోమన్నాడు, ఒకసారి చెప్తారా?" అంతే. (వకాలత్ అంటే మీ తరఫున కేసు నడపమని లాయర్‌కి అధికారం ఇచ్చే కాగితం, 4లో వివరంగా ఉంది.) నిజమైన లాయర్‌కి ఆ నంబర్ సొంత ఫోన్ నంబర్‌లా నోటికి వస్తుంది, రోజూ రాసేదే కాబట్టి. "నన్నే అనుమానిస్తున్నావా" అని గొంతు పెంచితే అప్పుడే దొంగ అని తేల్చేయక్కర్లేదు గానీ, నంబర్ చేతికొచ్చేదాకా డబ్బులు మాత్రం ఇవ్వకండి.

## 3. నంబర్‌ని, మనిషిని కలిపి చూడటం

నంబర్ మూడు ముక్కలుగా ఉంటుంది. రాష్ట్రం అక్షరాలు, సీరియల్ నంబర్, ఎన్‌రోల్ అయిన సంవత్సరం, ఉదాహరణకి ఏపీ/0000/2009 లాగా. తెలంగాణలో ఉన్న లాయర్‌కి ఏపీతో మొదలయ్యే నంబర్ ఉందని కంగారుపడకండి, రాష్ట్ర విభజనకి ముందు ఎన్‌రోల్ అయినవాళ్లకి ఉమ్మడి రాష్ట్రం నంబరే ఉంటుంది.

సంవత్సరాన్ని మనిషి వయసుతో పోల్చి చూడండి. నంబర్‌లో 1988 ఉండి మనిషికి నలభై ఏళ్లు కూడా లేవంటే ఇంకేం చెప్పాలి. వినడానికి సిల్లీగా ఉంటుంది గానీ కాజేసిన నంబర్లు చాలావరకు సీనియర్లవో, ప్రాక్టీస్ మానేసినవాళ్లవో, చనిపోయినవాళ్లవో అవ్వడానికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఎదురుపడి అడగరు కదా.

తర్వాత ఈ మూడు చోట్ల చూడండి, ఈ వరసలోనే:

ఒకటి, ఈకోర్ట్స్. యాప్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని కేస్ స్టేటస్‌లో అడ్వకేట్ అన్న చోటికి వెళ్తే పేరుతో గానీ బార్ కోడ్‌తో గానీ వెతకొచ్చు, బార్ కోడ్ అంటే ఇదే ఎన్‌రోల్‌మెంట్ నంబర్. పెండింగ్ కేసులు, డిస్పోజ్ అయినవి రెండూ చూడండి. ఆ నంబర్ కొడితే వేరే పేరు వచ్చిందంటే అక్కడే ఆగండి. ఏమీ రాకపోతే అది నేరం కాదు, కొన్ని కోర్టుల్లో నంబర్ ఎంటర్ చెయ్యకుండా పేరు మాత్రమే ఎక్కిస్తారు, కొత్త జూనియర్లకి సొంత వకాలత్‌లు తక్కువుంటాయి, అలాంటప్పుడు పేరుతో కూడా వెతికి చూడండి.

రెండు, బార్ అసోసియేషన్. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. పొద్దున పదిన్నర తర్వాత వెళ్లి పేరు చెప్పి "ఈ సార్ ఇక్కడ మెంబరేనాండీ" అని అడగండి. మెంబర్ల లిస్టు, డైరెక్టరీ ఉంటే ఫొటో చూడొచ్చు. ఇక్కడ తప్పు చేసేదెక్కడంటే, మనల్ని తీసుకొచ్చిన మనిషినే పక్కన పెట్టుకుని అడుగుతారు, అప్పుడు ఎవరూ నిజం చెప్పరు, ఒంటరిగా వెళ్లండి.

మూడు, రాష్ట్ర బార్ కౌన్సిల్. తెలంగాణ వాళ్లది హైదరాబాద్ హైకోర్టు ఆవరణలో ఉంటుంది, ఏపీకి వేరే బార్ కౌన్సిల్ ఉంది. ఫోన్‌లో చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి, అదీ కాకపోతే ఆర్టీఐ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో ఫలానా నంబర్ ఎవరి పేరు మీదుంది, ఎప్పుడు ఎన్‌రోల్ అయ్యారు, ప్రస్తుతం రోల్‌లో ఉన్నారా, సస్పెన్షన్ ఏమైనా ఉందా అని నాలుగే ముక్కలు రాయండి. మార్కులు, ఇంటి అడ్రస్ లాంటివి అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే ఛాన్సుంది.

పెద్ద ఆస్తి కేసు, క్రిమినల్ కేసు అయితే మూడూ చెయ్యండి. మామూలు నోటీసు రాయించడానికైతే మొదటి రెండూ చాలు.

ఇంకో చిన్న పని, నా లెక్కలో అన్నిటికంటే గట్టిది ఇదే. ఆ లాయర్‌కి వేరే కేసు ఉన్న రోజు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. ఓపెన్ కోర్టే కాబట్టి మామూలు కేసుల్లో ఎవరైనా కూర్చోవచ్చు. ఆ కేసు పిలిచినప్పుడు ఆయన లేచి జడ్జి ముందు నిలబడి మాట్లాడుతున్నారా, లేక వరండాలోనే తిరుగుతున్నారా అన్నది అరపూటలో తెలిసిపోతుంది. వరండా లాయర్‌కి కోటుంటుంది, ఫైలుంటుంది, అందర్నీ పేరు పెట్టి పలకరిస్తాడు, హాల్లోకి మాత్రం రాడు.

## 4. వకాలత్ మీద సంతకం

నకిలీవాడికి మీరు మీ చేతులతో ఆయుధం ఇచ్చేది ఇక్కడే. వకాలత్ ఫారం చూస్తే పైన కోర్టు పేరు, కేసు నంబర్, వాది ప్రతివాది పేర్లకి ఖాళీలుంటాయి, మధ్యలో చిన్న అక్షరాల్లో లాయర్‌కి మీరిచ్చే అధికారాలన్నీ ఉంటాయి (రాజీ పడటం, డబ్బు తీసుకోవడం, కేసు వెనక్కి తీసుకోవడం కూడా అందులోనే), కింద మీ సంతకం, లాయర్ ఒప్పుకున్నట్టు ఆయన సంతకం, పేరు, నంబర్, అడ్రస్. మన దగ్గర అడ్వకేట్స్ వెల్ఫేర్ ఫండ్ స్టాంపు కూడా అతికిస్తారు.

మన కోర్టుల్లో ఖాళీ ఫారాలు నాలుగైదు ముందు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపించి సంతకాలు తీసేసుకునే అలవాటు మంచి ఆఫీసుల్లో కూడా ఉంది. అలవాటే గానీ మీరు ఒప్పుకోవద్దు.

సంతకానికి ముందు:

- కోర్టు పేరు, రెండు పార్టీల పేర్లు నింపి ఉన్నాయా
- లాయర్ పేరు మీరు కలిసిన మనిషిదేనా. వేరే పేరుంటే "ఈ సార్ ఎవరండీ, ఒకసారి కలిపిస్తారా" అనండి
- ఎన్‌రోల్‌మెంట్ నంబర్ మీరు నోట్‌బుక్‌లో రాసుకున్నదేనా
- రాజీ, డబ్బు తీసుకునే అధికారం ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ లైను కొట్టించారా
- సంతకం పెట్టాక ఫోన్‌తో ఫొటో తీశారా

తెల్లకాగితం, ఖాళీ బాండ్ పేపర్, ఖాళీ చెక్కు వీటి మీద సంతకం ఏ కేసుకీ అక్కర్లేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో స్థలం కేసు వాట్సాప్ మీద నడిపిస్తున్నవాళ్లకి రిస్కు రెట్టింపు. పాస్‌పోర్టు స్కాన్, ఆధార్, సంతకం పెట్టిన ఖాళీ వకాలత్ మూడూ ఒకే మనిషికి మెయిల్ చేసేస్తారు. మీ తరఫున ఊళ్లో ఎవరైనా బంధువు ఒక్కసారి ఆఫీసుకెళ్లి మనిషిని చూసొచ్చాకే పంపండి. కాపీల మీద ఏ పని కోసం ఇస్తున్నారో, తేదీ, అడ్డంగా రాసి పంపండి.

## 5. డబ్బులు ఇచ్చేటప్పుడు

- లాయర్ సొంత పేరున్న అకౌంట్‌కే వెయ్యండి. ఫోన్‌పే కొట్టేముందు పేరు కనిపిస్తుంది కదా, అది నోట్‌బుక్‌లో పేరుతో కలవాలి
- ఫీజు వేరు, కోర్టు ఫీజు వేరు, ఖర్చులు వేరు. కోర్టు ఫీజు కట్టిన చలానా గానీ రసీదు గానీ కాపీ అడగండి
- క్యాష్ ఇస్తే చిన్న కాగితం మీదైనా రాయించుకోండి, రాయకపోతే అప్పుడే వాట్సాప్‌లో "సార్, ఇవాళ ఇంత ఇచ్చాను" అని మెసేజ్ పెట్టండి

"గ్యారంటీగా గెలిపిస్తా", "వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు" అంటే బార్ కౌన్సిల్ రూల్స్ తెలిసిన లాయర్ అలా మాట్లాడరు, గెలుపుని బట్టి వాటా తీసుకోవడం మన దేశంలో నిషేధం, ప్రకటనలు ఇచ్చుకోవడం కూడా. "జడ్జి గారికి ఇవ్వాలి" అన్నాడంటే వాడు లాయరైనా కాకపోయినా లేచి వచ్చెయ్యండి.

ఫీజు ఇచ్చుకోలేక ఇలాంటివాళ్ల చేతిలో పడేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది కూడా చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేదు. హెల్ప్‌లైన్ 15100.

## 6. కేసు నిజంగా వేశాడా

ఫైల్ చేసి నంబర్ పడ్డాక ప్రతి కేసుకీ సీఎన్ఆర్ అని 16 అక్షరాలు, అంకెలు కలిసిన నంబర్ వస్తుంది. ముందు రాష్ట్రం, జిల్లా, కోర్టు కోడ్ కలిపి ఆరు, తర్వాత ఆరంకెల సీరియల్, చివర సంవత్సరం. అది యాప్‌లో కొడితే పార్టీల పేర్లు, లాయర్ పేరు, ఇంతవరకు జరిగిన వాయిదాలు, తర్వాతి తేదీ, ఏ దశలో ఉందో అన్నీ వస్తాయి.

"ఇంకా నంబర్ పడలేదు" అన్న మాట నిజం కూడా అయ్యుండొచ్చు, ఆఫీసు వాళ్లు అభ్యంతరాలు పెట్టి రిటర్న్ చేస్తారు, సరిచేసి మళ్లీ వెయ్యాలి. అప్పుడు ఫైలింగ్ నంబర్ అడగండి, రిటర్న్ చేసిన కాగితం మీద రాసిన అభ్యంతరాలు చూపించమనండి. ఫైలింగ్ నంబరూ లేదు, రిటర్న్ కాగితమూ లేదు, నెలలు గడిచిపోతున్నాయి అంటే కేసు వెయ్యలేదనే అనుకోవాలి.

చెయ్యాల్సిన పద్ధతి:

1. సీఎన్ఆర్ యాప్‌లో సేవ్ చేసుకోండి.
2. లాయర్ తేదీ చెప్పకముందే మీరు చూసి, తర్వాత ఆయన చెప్పిన తేదీతో పోల్చండి.
3. స్టే వచ్చింది, ఇంజంక్షన్ వచ్చింది, బెయిల్ వచ్చింది అని ఎవరైనా అంటే ఆ ఆర్డర్ కాగితం నమ్మేముందు ఆ తేదీకి కేస్ స్టేటస్‌లో ఏముందో చూడండి.
4. ముఖ్యమైన ఆర్డర్‌కి సర్టిఫైడ్ కాపీకి మీరే అప్లికేషన్ పెట్టించండి.

నకిలీ ఆర్డర్లు కలర్ ప్రింట్‌లో, గుండ్రటి సీలుతో భలే నీట్‌గా ఉంటాయి. అసలు సర్టిఫైడ్ కాపీ అంత అందంగా ఉండదు. దాని మీద కాపీ అప్లికేషన్ నంబర్ ఉంటుంది, అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు ఇచ్చిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, చేతికిచ్చిన తేదీ అని వరసగా ఉంటాయి, ఎందుకంటే అప్పీల్ గడువు లెక్కలో కాపీ కోసం పట్టిన రోజులు తీసేస్తారు. ఆ తేదీల వరసే లేదంటే, లేదా అన్ని తేదీలూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసినట్టుంటే, కాపీయింగ్ సెక్షన్‌కి తీసుకెళ్లి చూపించండి. జడ్జి సంతకం చూసి పోల్చాలని ప్రయత్నించకండి, అది మనవల్ల అయ్యే పని కాదు.

## 7. నోటీసు వచ్చింది, లేదా వీడియో కాల్‌లో కోర్టు పెట్టారు

లోన్ యాప్ వాళ్లు లాయర్ లెటర్‌హెడ్ మీద వాట్సాప్‌లో పంపేవాటిల్లో చాలా నకిలీవే, కొన్నిట్లో నిజమైన లాయర్ పేరు ఆయనకి తెలియకుండా వాడేస్తారు. నోటీసులో ఉన్న ఫోన్ నంబర్‌కి చెయ్యకండి, అది మోసగాడి దగ్గరికే వెళ్తుంది. పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ పట్టుకుని 3లో చెప్పినట్టు చూసి, బార్ అసోసియేషన్ దగ్గర దొరికిన నంబర్‌కి చెయ్యండి. "24 గంటల్లో అరెస్ట్ వారెంట్" అని లాయర్ నోటీసులో ఉంటే అది ఉత్త బెదిరింపు, వారెంట్ ఇచ్చేది కోర్టు.

కానీ పోస్టులో వచ్చిన నోటీసుని నకిలీ అనుకుని పక్కన పడెయ్యకండి. చెక్ బౌన్స్ నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే టైమ్.

వీడియో కాల్ సంగతి. "డిజిటల్ అరెస్ట్" అన్నది ఏ చట్టంలోనూ లేదు. 2024లో వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ లాంటి పెద్ద వ్యాపారవేత్తకే నకిలీ సుప్రీంకోర్టు విచారణ పెట్టి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేరుతో ఒకణ్ణి కూర్చోబెట్టి, నకిలీ ఆర్డర్ పంపి 7 కోట్లు లాగేశారు. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ మోసాల మీద తనంతట తానే కేసు తీసుకుంది. నిజంగానే కోర్టుల్లో వీడియో విచారణలున్నాయి కాబట్టి జనం నమ్ముతున్నారు. తేడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఏ కోర్టూ విచారణ మధ్యలో "మీ డబ్బు వెరిఫికేషన్‌కి ఈ అకౌంట్‌లో వెయ్యండి" అనదు. కాల్ కట్ చేసి ఇంట్లోవాళ్లకి చెప్పండి, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి.

## 8. నకిలీ అని తేలింది, ఇప్పుడేం చెయ్యాలి

అందరూ చేసే తప్పేంటంటే ముందు వాడికి ఫోన్ చేసి తిట్టేస్తారు. వాడు ఫోన్ మార్చేస్తాడు, మీ ఒరిజినల్స్ వాడి దగ్గరే ఉండిపోతాయి. ఈ వరస పాటించండి:

ముందు కాగితాలు. ఏదో బ్యాంకు పని అని చెప్పి ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. చాట్లు డిలీట్ చెయ్యకండి, వేరే చోట బ్యాకప్ తీసి ఆ ఫోన్ కూడా అలాగే ఉంచండి, తర్వాత కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్, విజిటింగ్ కార్డు, వాడు ఇచ్చిన నకిలీ ఆర్డర్లు ఒక కవర్లో పెట్టండి.

తర్వాత మీ కేసు. పోలీస్ స్టేషన్ కంటే ముందు ఇదే అంటాను, ఎందుకంటే నేరం మీద ఫిర్యాదుకి పది రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు, కేసు గడువు దాటితే చాలా కష్టం. నిజమైన లాయర్‌ని పెట్టుకుని ఆ రోజే స్టేటస్ చూపించండి.

- మీరు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ అయ్యుంటే దాన్ని పక్కన పెట్టమనే పిటిషన్‌కి మామూలుగా 30 రోజులు
- మీరు వేసిన దావా హాజరు కాలేదని కొట్టేసి ఉంటే తిరిగి తీసుకోమనడానికీ 30 రోజులే
- అప్పీళ్లు, ఇలాంటి పిటిషన్లు లేట్ అయితే లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ అడగొచ్చు, మోసపోయిన సంగతి అఫిడవిట్‌లో తేదీలతో రాయాలి
- అసలు దావానే వెయ్యకుండా గడువు దాటిపోతే సెక్షన్ 5 పనిచెయ్యదు, అందుకే తొందర

నకిలీవాడు వేసిన కాగితాలు వాటంతట అవే రద్దైపోతాయని కూర్చోకండి, కోర్టు దృష్టికి మీరే తేవాలి.

అప్పుడు పోలీసులు. ఫిర్యాదులో కథ వద్దు. ఎవరు, ఏ తేదీన, ఏ నంబర్ తనదని చెప్పాడు, ఎంత తీసుకున్నాడు, ఏ కాగితం నకిలీది, ఆ నంబర్ అసలు ఎవరిది, అంతే. సాధారణంగా పెట్టే సెక్షన్లు: భారతీయ న్యాయ సంహితలో 318 (మోసం), 319 (వేరే మనిషినని చెప్పి మోసం, ఐదేళ్ల వరకు), 336, 340 (ఫోర్జరీ, దాన్ని వాడటం). కోర్టు ఆర్డర్నే ఫోర్జరీ చేసి ఉంటే 337. ఆన్‌లైన్‌లో జరిగితే ఐటీ యాక్ట్ 66సీ, 66డీ. హక్కు లేకుండా కోర్టులో ప్రాక్టీస్ చేసినందుకు అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 45, ఆరు నెలల వరకు జైలు. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ సెక్షన్లు, 419, 420, 468, 471. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి గానీ, సిటీ అయితే కమిషనర్‌కి గానీ స్పీడ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి.

చివర్లో బార్ కౌన్సిల్. ఇక్కడ చాలామందికి కన్ఫ్యూజన్. సెక్షన్ 35 కింద క్రమశిక్షణ చర్య రోల్‌లో ఉన్న లాయర్ మీదే. రోల్‌లోనే లేనివాణ్ణి బార్ కౌన్సిల్ దేంట్లోంచి తీసేస్తుంది? వాళ్ల దగ్గర్నుంచి మీకు కావాల్సింది "ఈ పేరుతో ఎవరూ రోల్‌లో లేరు" లేదా "ఈ నంబర్ ఫలానా వారిది" అన్న లెటర్. పోలీసు కేసుకి ప్రాణం అదే. అసలు నంబర్ ఓనర్‌కి కూడా కబురు చెయ్యండి, ఆయన ఇచ్చే ఫిర్యాదు మీదానికన్నా గట్టిగా ఉంటుంది. కేసు తెచ్చి ఇచ్చినందుకు కమీషన్ తీసుకునే బ్రోకర్ ఉంటే అది టౌట్ వ్యవహారం, ఆ సంగతి కూడా బార్ కౌన్సిల్‌కి, జిల్లా జడ్జికి రాయండి.

## 9. మీ పేరు మీద మీకే తెలియకుండా కేసు ఉంటే

ఇది కూడా జరుగుతుంది. 2024లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో పిటిషన్ వేసినట్టున్న మనిషే "నేను ఏ కేసూ వెయ్యలేదు, ఈ లాయర్లు ఎవరో నాకు తెలీదు" అన్నాడు, కోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. ఊళ్లో భూమి తగాదాలున్నవాళ్లు అప్పుడప్పుడు ఈకోర్ట్స్‌లో పార్టీ పేరుతో, ఇంటి పేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, వెతుక్కోండి. తెలుగు పేర్ల స్పెల్లింగ్ ఇంగ్లీష్‌లో రకరకాలుగా ఎక్కిస్తారు కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టాలి. ఏదైనా కనపడితే ఆ కోర్టులో కాపీ తీసి వకాలత్ మీద సంతకం చూడండి, మీది కాకపోతే అదే కోర్టులో అఫిడవిట్ వెయ్యండి.

## 10. లాయర్లకి: మీ నంబర్ ఎవరైనా వాడుతుంటే

- నెలకోసారి సొంత బార్ కోడ్‌తో ఈకోర్ట్స్‌లో వెతకండి, పక్క జిల్లాల్లో కూడా. మీరు వెయ్యని కేసు కనపడితే ముందు ఎంట్రీ తప్పేమో ఆ కోర్టు ఆఫీసులో కనుక్కోండి
- సంతకం పెట్టిన ఖాళీ వకాలత్‌లు, లెటర్‌హెడ్‌లు ఆఫీసులో వదలొద్దు. గుమస్తా ఎంత నమ్మకస్తుడైనా సరే
- ఈ-ఫైలింగ్ పాస్‌వర్డ్ సిస్టమ్ మీద స్టిక్కర్ వేసి పెట్టడం ఆపండి (ఇది చాలా ఆఫీసుల్లో చూడొచ్చు)
- ఐడీ కార్డు పోతే పోలీసు లాస్ట్ రిపోర్ట్, బార్ అసోసియేషన్‌కి, బార్ కౌన్సిల్‌కి లెటర్, మూడూ అదే వారంలో
- మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో (కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్) చూసుకోండి
- గుమస్తా మానేసినా, జూనియర్ వెళ్లిపోయినా క్లయింట్లకి మెసేజ్ పెట్టండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత కూడా మీ పేరు చెప్పి వసూళ్లు నడుస్తాయి
- చనిపోయిన సీనియర్ ఫైళ్లు, సీళ్లు, లెటర్‌హెడ్‌లు ఇంట్లోవాళ్ల దగ్గర అలా పడుంటాయి, వాళ్లని అడిగి సీళ్లు నాశనం చేయించండి, బార్ కౌన్సిల్‌కి మరణం సంగతి రాయించండి

వేరేవాడు మీ పేరుతో నోటీసు పంపాడని తెలిస్తే, అందుకున్నవాళ్లకి "ఇది నేను పంపింది కాదు" అని రాతపూర్వకంగా జవాబిచ్చి, దాని కాపీతోనే పోలీస్ ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో చెప్పి వదిలేస్తే రేపు ఆ నోటీసు మీదే మీకు బార్ కౌన్సిల్ నుంచి సంజాయిషీ అడుగుతూ లెటర్ వస్తే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.